నడిసంద్రంలో చిక్కినా చావని ఆశ

నారాయణఖేడ్: ఈ ప్రాంతం వారికి సముద్రం సినిమాలో చూసిన సంగతే తప్ప ఇంటి సంగతి కాదు. కాకినాడ తీరం ఇక్కడికి ఐదారు వందల కిలోమీటర్లు. ఇక్కడ నీళ్లంటే మంజీర, సింగూరు జలాశయం, ఊరి చెరువు, వేసవి వచ్చేసరికి గాలి కక్కే బోరు. అయినా ఖేడ్ చేలల్లో పడిన వాననీరు చివరికి చేరేది ఆ సముద్రంలోకే. మంజీర నిజాంసాగర్ దాటి, కందకుర్తి వద్ద గోదావరిలో కలిసి, అంతర్వేది దాకా పోతుంది. నీరు పోయినట్టే ఇక్కడి మనుషులూ పొట్ట చేతపట్టుకుని పోతూనే ఉన్నారు. తండాల నుంచి చెరకు నరకడానికి కర్ణాటక, మహారాష్ట్రలకు పోతారు. ఇళ్లు కట్టే పనికి హైదరాబాద్ పోతారు. కొందరు దుబాయి దాకా పోతారు. అటు శ్రీకాకుళం తీరంలోని పల్లెకారులు చేపల వేటకు గుజరాత్ పోతారు. ఒకరు లారీ ఎక్కుతారు, మరొకరు మరపడవ ఎక్కుతారు. ఇద్దరూ ముందే అడ్వాన్సు తీసుకుని ఎక్కినవారే. అందుచేత నీళ్ల నడుమ చిక్కుకుపోయిన వారి కథలు ఖేడ్ రచ్చబండ మీద చెప్పుకోదగ్గవే.

ఇలా చిక్కుకోవడం ఒక్క తీరుగా ఉండదు. తుపాను తోసుకుపోతే చిక్కినవారు కొందరు. పొరుగు దేశం పట్టుకుంటే చిక్కినవారు కొందరు. యజమాని చేతులెత్తేస్తే ఓడ మీదే మిగిలిపోయినవారు మరికొందరు. ఇంకో రకం ఉంది. ఒడ్డు కళ్ల ముందే ఉన్నా దిగనివ్వకపోతే చిక్కినవారు. తెలుగువారు వేల సంఖ్యలో ఈ చివరి తీరుగా చిక్కుకున్నది 2020లో.

ఒడ్డు కనబడుతున్నా...

గుజరాత్‌లో సోమనాథ్ క్షేత్రానికి పక్కనే వెరావల్ రేవు ఉంది. పడమటి తీరంలో వేట నిషేధం జులై నెలాఖరుతో ముగుస్తుంది. ఆ వెంటనే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి మత్స్యకారులు రైలెక్కి అక్కడికి చేరతారు. తమ ఊరి ముందే సముద్రం పెట్టుకుని రెండు వేల కిలోమీటర్ల దూరం ఎందుకు పోతారన్న ప్రశ్న రావచ్చు. ఉత్తరాంధ్ర తీరంలో కెరటాలు ఎక్కువ. పెద్ద మరపడవలు నిలుపుకోవడానికి రేవులు, జెట్టీలు తగినన్ని లేవు. చిన్న తెప్ప మీద పోతే దొరికే చేపలు ఇంటిల్లిపాదికీ చాలవు. చెరువు ఉండి తూము లేని ఊరి సంగతి ఖేడ్ రైతుకు వేరే చెప్పనక్కర్లేదు. అందుకే గుజరాతీ యజమాని పడవ మీద కూలికి కుదురుతారు. పడవకు ఆరుగురో ఎనిమిది మందో ఉంటారు. వారి నాయకుణ్ని తండేల్ అంటారు. ఒకసారి సముద్రంలోకి పోతే వారాల తరబడి తిరిగి రారు.

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. వేట ఆగిపోయింది. పడవలన్నీ రేవుకు చేరి పక్కపక్కన నిలిచిపోయాయి. ఆంధ్రా మత్స్యకారులు నాలుగు వేల మందికి పైగా ఆ పడవల మీదే ఉండిపోయారు. ఊళ్లోకి పోవడానికి వీల్లేదు. రైళ్లు, బస్సులు లేవు. పడవలోనే వంట, పడవలోనే పడక. తాగే నీటికీ, స్నానానికీ కటకట. పని లేని రోజులకు కూలి లేదు. ఇంటికి పంపడానికి చేతిలో చిల్లిగవ్వ లేదు. తుపాను రాలేదు, పడవ మునగలేదు. ఒడ్డు పదిబారల దూరంలో కనబడుతూనే ఉంది. అయినా నెల రోజులకు పైగా వారు నీళ్ల మీదే గడిపారు.

అక్కడ వారిని నిలబెట్టినవి పెద్దపెద్ద విషయాలేమీ కావు. ఒక్కో పడవలో ఉన్నవారు చాలావరకు ఒకే ఊరివాళ్లు, లేదంటే ఒకరికొకరు చుట్టాలు. ఉన్న బియ్యాన్ని కలిపి వండుకున్నారు. సెల్‌ఫోన్లలో తమ గోడు రికార్డు చేసి పత్రికలకు, టీవీలకు పంపారు. ఆ బొమ్మలు ఇంటింటా కనబడ్డాకే వెరావల్ పేరు ఆంధ్రాలో అందరి నోటా నానింది. ముఖ్యమంత్రి గుజరాత్ ముఖ్యమంత్రితో మాట్లాడారు. మనిషికి 2 వేల రూపాయల చొప్పున సాయం ప్రకటించారు. కేంద్రం అనుమతి ఇచ్చాక ఏప్రిల్ నెలాఖరులో బస్సులు కదిలాయి. మూడు రాష్ట్రాలు దాటి, రోజుల తరబడి ప్రయాణం చేసి వారు సొంత రాష్ట్రం చేరుకున్నారు. ఊరు చేరాక కూడా నేరుగా ఇంటి గడప తొక్కలేదు. క్వారంటైన్ గదుల్లో ఉండి గాని పిల్లల మొహం చూడలేకపోయారు.

అదే నెలలో మహారాష్ట్ర చక్కెర ఫ్యాక్టరీల దగ్గర చెరకు కోత కూలీలు లక్ష మందికి పైగా చిక్కుకున్నారు. ఏప్రిల్ 17న గాని ఆ ప్రభుత్వం వారిని సొంతూళ్లకు పోనివ్వలేదు. అంతదూరం ఎందుకు, మన సంగారెడ్డి జిల్లా కంది దగ్గర ఐఐటీ భవనాల పనిలో ఉన్న ఇతర రాష్ట్రాల కూలీలు జీతాలు అందక, ఊరికి పోయే దారి లేక ఏప్రిల్ 29న రోడ్డెక్కారు. రెండు రోజులు తిరక్కుండానే, మే 1న, లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందితో రైలు బయల్దేరింది. దేశంలో వలస కూలీల కోసం నడిచిన తొలి ప్రత్యేక రైలు అదే. అంతదాకా కుదరదన్న పని, కూలీలు గొంతెత్తగానే కుదిరిందన్నమాట. వెరావల్‌లో సెల్‌ఫోన్ చేసిన పని కందిలో రోడ్డు చేసింది. ఊరికే ఓర్చుకుని కూర్చున్నవారికి కాక, ఉన్నామని చాటినవారికే ముందుగా దారి దొరికిందన్నది ఈ రెండు ఘటనలూ చెబుతున్న నిజం.

జాబితాలో పేరు ఉంటే చాలు

వెరావల్ నుంచే పోయిన మరో గుంపు కథ ఇంతకంటే కఠినం. 2018 నవంబరు నెలాఖరులో అరేబియా సముద్రంలో వేటాడుతున్న ఉత్తరాంధ్ర మత్స్యకారులను పాకిస్తాన్ సముద్ర భద్రతా దళం పట్టుకుంది. సర్ క్రీక్ దగ్గర రెండు దేశాల మధ్య సముద్ర సరిహద్దు ఇప్పటికీ తేలలేదు. నీటి మీద గట్టు ఉండదు, కంచె ఉండదు. చేపల గుంపు వెంట పోయే పడవ ఎప్పుడు గీత దాటిందో పడవలో ఉన్నవారికే తెలియదు. పట్టుబడినవారిని కరాచీ జైల్లో పెట్టారు.

తీరం మీద మిగిలిన ఇళ్లలో అసలు బాధ మొదలైంది. సంపాదించే మగవాడు లేడు. ఉన్నాడో లేడో మొదట్లో తెలియదు. ఆడవాళ్లు చంటిపిల్లలను చంకనేసుకుని అధికారుల గదుల చుట్టూ, నాయకుల చుట్టూ తిరిగారు. అర్జీలు పెట్టారు. ఢిల్లీ దాకా పోయారు. చివరికి 20 మందిని 2020 జనవరి 6న వాఘా సరిహద్దు వద్ద మన దేశానికి అప్పగించారు. రాష్ట్ర మత్స్యశాఖ మంత్రి మోపిదేవి వెంకటరమణ అక్కడికి పోయి వారిని వెంట తెచ్చారు. పదమూడు నెలలకు పైగా సాగిన చెర అది. ఈ ఘటన ఆధారంగా తీసిన ‘తండేల్’ సినిమా 2025 ఫిబ్రవరిలో విడుదలైంది. సినిమా కాబట్టి అందులో పాటలున్నాయి, పోరాటాలున్నాయి. అర్జీ పట్టుకుని వరండాలో కూర్చునే గంటలు మాత్రం ఏ సినిమాలోనూ పూర్తిగా చూపించరు, చూపిస్తే జనం కూర్చోరు.

ఇక్కడ ఒక చిన్న ఏర్పాటు గురించి చెప్పుకోవాలి. భారత్, పాకిస్తాన్‌ల మధ్య 2008లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జులై 1న రెండు దేశాలూ తమ జైళ్లలో ఉన్న ఎదుటి దేశపు ఖైదీల, మత్స్యకారుల జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలి. రెండు దేశాల మధ్య మాటలు లేని రోజుల్లో కూడా ఈ జాబితాలు మారాయి. జైల్లో ఉన్నవాడి భార్యకు ఈ కాగితం విలువ ఎంతో లెక్కకట్టలేం. పేరు ఉంటే మనిషి ఉన్నాడని అర్థం. ఆరు నెలలకోసారి వచ్చే ఆ కబురు మీదే మిగతా ఆరు నెలలు గడిచిపోతాయి. ఆశ అనేది మనసులో పుట్టేది నిజమే గాని, దాన్ని బతికించడానికి అప్పుడప్పుడు ఇలాంటి కాగితం ముక్క అవసరం.

నీళ్ల నడుమ దప్పిక

ఇక అసలు నడిసంద్రంలో, చుట్టూ నీరు తప్ప మరేమీ కనబడని చోట కొట్టుకుపోయినవారి సంగతి. 2019 సెప్టెంబరు 28న అండమాన్ దీవుల నుంచి ఇద్దరు చిన్న పడవ మీద బయల్దేరారు. ఆ దారిన పోయే ఓడలకు సరకులు, మంచినీళ్లు అమ్ముకోవడం వారి వ్యాపారం. తుపాను వారి పడవను దారి తప్పించింది. ఇంజను పాడైంది. పడవ తేలికపడటానికి సరకులు సముద్రంలో పారేశారు. ఇంధనం అయిపోయింది. కనబడిన ఓడలకు సైగలు చేసినా ఎవరూ చూడలేదు. ఇద్దరిలో ఒకరు ఆకలికి తాళలేక చనిపోయారు. రెండోవారు తువ్వాలును వాననీటిలో తడిపి, పిండుకుని తాగుతూ బతికారు. 28 రోజుల తర్వాత, అక్టోబరు 25న, ఒడిశాలో పూరీ జిల్లా తీరానికి పడవ దానంతట అదే కొట్టుకొచ్చింది. బంగాళాఖాతాన్ని అడ్డంగా దాటిన ఆ పడవకు తెడ్డు వేసింది గాలి, ప్రవాహమే.

చుట్టూ నీరుండగా దప్పికతో చావడమేమిటని లోపలి ఊళ్ల వారికి తోస్తుంది. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఆ ఉప్పును బయటికి పంపడానికి మూత్రపిండాలకు తాగిన లీటరు కంటే ఎక్కువ నీరే కావాలి. అంటే తాగినకొద్దీ ఒంట్లో ఉన్న నీరు కూడా పోతుంది. వంద తెచ్చి నూట యాభై వడ్డీ కట్టే అప్పులాంటిది అది. తిండి లేకపోతే మనిషి వారాల పాటు నిలుస్తాడు. నీరు లేకపోతే, అందులోనూ ఎండలో, మూడు నాలుగు రోజులే గండం. అందుకే సముద్రంలో చిక్కినవాడి మొదటి పని చేపలు పట్టడం కాదు, వాన కోసం గుడ్డ పరచడం. రెండో పని నీడ చేసుకోవడం.

ప్రపంచంలో ఈ విషయంలో ఎక్కువగా చెప్పుకునే పేరు పూన్ లిమ్. చైనాకు చెందిన ఇతను బ్రిటిష్ సరకు ఓడలో వంటశాల, భోజనాల పనివాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942 నవంబరు 23న, జర్మన్ జలాంతర్గామి ఆ ఓడను ముంచేసింది. చిన్న చెక్క తెప్ప మీద అతనొక్కడే మిగిలాడు. తెప్ప మీదున్న బిస్కెట్లు, నీళ్లు కొన్నాళ్లకే అయిపోయాయి. బ్యాటరీ లైటులోని తీగను వంచి గాలం చేసుకున్నాడు. తాడు పేని పీచును దారంగా వాడాడు. గుడ్డలో వాననీరు పట్టాడు. ఇవన్నీ ఒక ఎత్తు, అతను చేసిన మరో పని ఇంకో ఎత్తు. కాళ్లు చచ్చుబడకుండా సముద్రం నెమ్మదిగా ఉన్నప్పుడల్లా దిగి తెప్ప చుట్టూ ఈదేవాడు. 133 రోజుల తర్వాత బ్రెజిల్ తీరంలో చేపలు పట్టేవారు అతన్ని చూసి ఎక్కించుకున్నారు. ఒడ్డుకు దిగి ఎవరి ఆసరా లేకుండా నడిచాడు. యుద్ధ నౌకలవారు ఆ తర్వాత తమ శిక్షణ పుస్తకాల్లో అతని ఉపాయాలు చేర్చుకున్నారు. వంటశాల పనివాడు అధికారులకు పాఠం చెప్పాడన్నమాట.

ఇంకా ఎక్కువ రోజులు గడిపినవాడు సాల్వడార్ అల్వరెంగా. మెక్సికో తీరం నుంచి 2012 నవంబరులో వేటకు బయల్దేరి, తుపానులో కొట్టుకుపోయి, 2014 జనవరి 30న పసిఫిక్ మహాసముద్రం ఆవలి వైపు మార్షల్ దీవుల్లో తేలాడు. 438 రోజులు. పచ్చి చేపలు, పక్షులు, తాబేళ్లు తిన్నాడు. అతనితో ఉన్న కుర్రవాడు ఆ తిండి తినలేక మొదటి నెలల్లోనే చనిపోయాడు. ఒకే పడవ, ఒకే ఎండ, ఒకే సముద్రం. ఒకరు బతకడానికీ మరొకరు పోవడానికీ ఒంటి బలమొక్కటే కారణం కాదని అనుభవజ్ఞులంటారు. అయితే గుండె దిటవు లేనివారే చనిపోయారని తేల్చేయడం కూడా తప్పే. అండమాన్ పడవలో పోయిన మనిషికి ధైర్యం తక్కువైందని ఎవరు చెప్పగలరు? వాన ఒక రోజు ముందు పడిందా, వెనక పడిందా అన్నదాని మీద కూడా ప్రాణం ఆధారపడుతుంది. ఖేడ్‌లో మొగిపురుగు కంటే ముందు వాన సంగతి అడిగే జొన్న రైతుకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది.

బతికినవారందరిలో సామాన్యంగా కనబడేది ఒకటుంది. రోజుకో పని పెట్టుకోవడం. నీళ్లు కొలిచి తాగడం, గాలం సరిచేసుకోవడం, రోజులు లెక్కపెట్టడం. రేపు ఎవరో వస్తారని ఎదురుచూడటం కంటే ఈ పూట పని ఈ పూట చేసుకోవడం మీదే వారి ప్రాణం నిలిచింది.

వెతికేవారు హైదరాబాద్‌లోనే

కొట్టుకుపోయినవాడు ఎంత ధైర్యంగా ఉన్నా, వెతికేవారు లేకపోతే ఆ ధైర్యం ఎన్నాళ్లు? ఈ విషయంలో తెలుగు నేల చాలా పెద్ద మూల్యం చెల్లించి నేర్చుకుంది. 1977 నవంబరు 19న దివిసీమ మీద సముద్రం విరుచుకుపడినప్పుడు దాదాపు పదివేల మంది పోయారు. తాటిచెట్టు పట్టుకుని వేలాడినవారు, కొట్టుకొచ్చిన దూలం మీద తేలినవారు బతికారు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు. వందల మంది ఆచూకీ అసలు తెలియనే లేదు. వారిలో వేటకు పోయి తిరిగి రాని మత్స్యకారులు ఎందరో. హెచ్చరిక ఆకాశవాణిలో వచ్చింది. పడవలో రేడియో ఉంటే కదా వినడానికి. దేహం దొరకని ఇంట్లో కర్మ చేయాలా వద్దా అన్న ప్రశ్న ఏళ్ల తరబడి మిగిలిపోయింది. బొట్టు తీయడానికి ఒప్పుకోని ఆడవాళ్ల ఆశను ఎవరు తప్పుపట్టగలరు?

ఇప్పుడు పరిస్థితి మారింది. 2025 అక్టోబరు 28న ‘మొంథా’ తుపాను అదే గోదావరి తీరాన్ని తాకింది. తుపానుకు ముందే పడవలను వెనక్కి పిలిపించారు. వేటకు ఎవరినీ పోనివ్వలేదు. తీరం వెంబడి ఊళ్లు ఖాళీ చేయించారు. పంటలు మునిగాయి, స్తంభాలు కూలాయి. ఆంధ్రాలో ప్రాణనష్టం మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంతకే పరిమితమైంది. 1996కూ 2025కూ మధ్య సముద్రం కరుణించిందని కాదు, కబురు అందిందని అర్థం.

ఆ కబురు పుట్టే చోటు సముద్రం ఒడ్డున లేదు. భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉంది. ఖేడ్ ప్రాంతం నుంచి మేస్త్రీ పనికి పోయేవారు ఆ చుట్టుపక్కల నిజాంపేట, బాచుపల్లి మేడలు కట్టినవారే. సునామీ హెచ్చరికలు అక్కడి నుంచే వెలువడతాయి. ఏ చోట చేపలుంటాయో, ఏ రోజు కెరటాలు ఎంత ఎత్తు లేస్తాయో అక్కడి నుంచే చెబుతారు. 2016లో అక్కడ ‘శరత్’ అనే ఏర్పాటు ప్రారంభమైంది. మనిషి గాని పడవ గాని చివరిసారి ఎక్కడ, ఏ వేళ కనబడిందో చెబితే, గాలినీ నీటి ప్రవాహాన్నీ లెక్కకట్టి ఇప్పుడు ఏ వైపు, ఎంత దూరం కొట్టుకుపోయి ఉంటుందో అది చూపిస్తుంది. 1977 ఫిబ్రవరిలో ఏర్పడిన తీర రక్షక దళం ఓడలు, విమానాలు ఆ లెక్క పట్టుకుని వెతుకుతాయి. ఆపదలో పిలవాల్సిన నంబరు 1554. దీనికి డబ్బు పడదు.

ఇవన్నీ ఉన్నా చిన్న పడవలో పోయేవాడి చేతికి ఏమి అందిందన్నదే ముఖ్యం. తీరానికి దూరం పోతే సెల్‌ఫోన్ పలకదు. ఇందుకోసమే లక్ష పడవలకు ఉచితంగా ట్రాన్స్‌పాండర్లు అమర్చే పథకాన్ని 364 కోట్ల రూపాయలతో 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రారంభించారు. ఉపగ్రహం ద్వారా పడవ నుంచి ఒడ్డుకు, ఒడ్డు నుంచి పడవకు కబురు పోతుంది. సరిహద్దు దగ్గర పడితే ముందే చెబుతుంది. 2018లో వెరావల్ నుంచి పోయిన పడవల్లో ఈ పెట్టె ఉండి ఉంటే ఆ పదమూడు నెలల చెర తప్పేదేమో. అయితే పెట్టె బిగించినంత మాత్రాన సరిపోదు. ఊళ్లో బిగించిన వీధిదీపాలు, చేతిపంపులు ఏడాది తిరిగేసరికి ఏమవుతాయో పల్లెల్లో అందరికీ తెలుసు. బ్యాటరీ మార్చేవారు, చెడిపోతే బాగుచేసేవారు ప్రతి రేవులోనూ ఉండాలి.

యజమాని వదిలేసిన ఓడ

తుపాను కంటే తక్కువ చప్పుడు చేసే ఆపద మరొకటి పెరుగుతోంది. ఓడ యజమాని నష్టాల్లో పడితే జీతాలు ఆపేస్తాడు. తర్వాత తిండి, ఇంధనం పంపడం మానేస్తాడు. సిబ్బంది ఓడ దిగిపోదామంటే రేవు అధికారులు ఒప్పుకోరు, ఓడను మనుషులు లేకుండా వదిలేస్తే ప్రమాదమంటారు. దిగితే రావాల్సిన జీతం మీద హక్కు పోతుందేమోనన్న భయం సిబ్బందిది. అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య లెక్క ప్రకారం 2024లో ఇలా 312 ఓడల మీద 3,133 మంది చిక్కుకుపోయారు. దేశాలవారీగా చూస్తే మనవారే ఎక్కువ, 899 మంది. ‘ఎం.టి. ఇబా’ అనే ట్యాంకరు దుబాయి దగ్గరి జలాల్లో ఏళ్ల తరబడి నిలిచిపోయింది. 2021 జనవరిలో లంగరు తెగి ఉమ్ అల్ కువైన్ తీరానికి కొట్టుకొచ్చింది. విహారానికి వచ్చినవారు బీచిలో నిలబడి ఆ ఓడ ఫొటోలు తీసుకున్నారు. ఓడ మీద మనవారు కూడా ఉన్నారు.

ఇది తీర ప్రాంతం వారి సమస్య మాత్రమే అనుకోవడానికి లేదు. ఓడలో ఉద్యోగం, నెలకు వేల జీతం అంటూ తిరిగే ఏజెంట్లకు సముద్రం చూడని ఊళ్లే అనువైన చోటు. అడిగేవారు ఉండరు కాబట్టి. నావికుల నియామకం చేసే సంస్థకు ముంబయిలోని నౌకాయాన డైరెక్టర్ జనరల్ ఇచ్చిన లైసెన్సు నంబరు ఉండాలి. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి నుంచి రుసుము తీసుకోవడానికి అంతర్జాతీయ నిబంధనలు ఒప్పుకోవు. అంటే ఓడ ఉద్యోగానికి లక్షలు అడిగిన చోటే మోసం ఉన్నట్టు లెక్క. రెండు నెలలు జీతం ఆగితే ఆ నావికుణ్ని యజమాని వదిలేసినట్టే పరిగణించాలనీ, నాలుగు నెలల దాకా జీతానికి బీమా ఉండాలనీ 2017 జనవరి నుంచి నిబంధన అమల్లో ఉంది. చిక్కుకున్న ఓడల్లో చాలావాటికి సరైన బీమాయే లేకపోవడం వేరే కథ. గల్ఫ్ పోయేవారికి ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. పర్యాటక వీసా మీద పోయి పనికి కుదిరినవాడు చిక్కుకుంటే, అతను పనివాడని చూపే కాగితమే ఉండదు.

లెక్కలో లేనివారు

వెరావల్ పడవల నుంచి వాఘా దాకా, కంది నుంచి మహారాష్ట్ర చెరకు తోటల దాకా అన్నిచోట్లా మొదటి వారం గడిచిపోయింది ఒక్క ప్రశ్నతోనే: అసలు ఎందరున్నారు? 2020లో ఏ జిల్లా వారి దగ్గరా బయటికి పోయినవారి పూర్తి జాబితా లేదు. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రకారం ఐదుగురు లేదా అంతకు మించి కూలీలను తీసుకుపోయే గుత్తేదారుకు లైసెన్సు ఉండాలి, కూలీ చేతిలో పాస్‌బుక్ ఉండాలి. నలభై ఏళ్ల పాటు అది కాగితాల మీదే బతికింది. ఇప్పుడు ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక స్మృతి అమల్లోకి వచ్చింది. వలస కార్మికుల నిబంధనలు పది మంది లేదా అంతకు మించి ఉన్న చోటే వర్తిస్తాయని అందులో ఉంది. సొంతూరికి పోయి రావడానికి దారి ఖర్చు యజమాని ఇవ్వాలన్నది అందులోని మంచి మాట. మరి ఏడుగురున్న పడవ సంగతేమిటి? మొగుడూ పెళ్లాం ఒక కత్తిగా లెక్కపడే చెరకు కోతలో పది మందిని ఎలా లెక్కిస్తారు? కత్తుల లెక్కనా, మనుషుల లెక్కనా? ఈ సంగతి తేల్చాల్సింది ప్రభుత్వాలే.

దసరా, దీపావళి వెళ్లగానే ఖేడ్, కంగ్టి, మనూరు, నాగల్‌గిద్ద వైపు తండాల్లో లారీలు ఆగుతాయి. మూటాముల్లె, వంట సామాను, మేకపిల్ల కూడా ఎక్కుతాయి. గుత్తేదారు పుస్తకంలో రాసుకునేది ఎవరికి ఎంత అడ్వాన్సు ఇచ్చాడన్నదే. ఏ ఫ్యాక్టరీకి పోతున్నారు, ఎందరు పోతున్నారు, ఆపద వస్తే ఎవరికి ఫోన్ చేయాలన్నది గ్రామపంచాయతీ కార్యదర్శి ఒక్క పేజీలో రాసి పెట్టుకోవచ్చు. దానికి ఉపగ్రహం అక్కర్లేదు. ప్రస్తుతానికి ఆ లెక్క తెలిసింది తండాలో మిగిలిపోయే ముసలివాళ్లకే. లారీ కదిలేటప్పుడు వేళ్లు మడిచి లెక్కపెట్టుకునేది వాళ్లే.